చెన్నైలో హెపటైటిస్ బి రోగులకు మూడు నెలల మూలికా కోర్సు: ఆహార సలహా తీసుకోవచ్చు, పొడులు వద్దు

దక్షిణ చెన్నైలోని ఒక మూలికా వైద్య కేంద్రం దీర్ఘకాలిక హెపటైటిస్ బి, సి ఉన్నవారి కోసం మూడు నెలల ‘లివర్ కోర్సు’ నడుపుతోంది. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చే మనవాళ్లలో చాలామంది పెద్దాసుపత్రిలో పని ముగించుకుని ఇలాంటి చోట్లకు కూడా వెళ్తుంటారు. మా బావగారితో పాటు వెళ్లి ఆ కోర్సును దగ్గర నుంచి చూశాను కాబట్టి, దాని మంచిచెడ్డలు వివరంగా రాస్తున్నాను. కేంద్రం పేరు మాత్రం రాయడం లేదు. ఇదే తరహా కోర్సులు నగరంలో ఇంకా ఉన్నాయి, ఇక్కడ చెప్పేవి వాటిలో దేన్ని ఎంచుకోబోయేవారికైనా పనికొస్తాయి.

బావగారికి హెపటైటిస్ బి ఉన్న సంగతి హెర్నియా ఆపరేషనుకు ముందు చేసిన రక్తపరీక్షలో బయటపడింది. లివర్ డాక్టరుగారు రక్తంలో వైరస్ ఎంత ఉందో, కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఏఎల్‌టీ అనే ఎంజైము ఎంత ఉందో, ఫైబ్రోస్కాన్‌లో కాలేయం ఎంత గట్టిపడిందో చూసి టెనోఫోవిర్ మాత్ర మొదలుపెట్టారు. రోజుకొకటి చొప్పున ఏళ్ల తరబడి వేసుకోవాలన్నారు. ఒంట్లో ఏ బాధా తెలియని మనిషికి ఆ ‘ఏళ్ల తరబడి’ అన్న మాట మింగుడుపడదు. ఈ జబ్బులో వైరస్ తన జన్యుపదార్థాన్ని కాలేయ కణాల కేంద్రకంలోనే దాచుకుంటుంది. మాత్ర వైరస్ పెరగకుండా అణచి ఉంచగలదు గానీ, ఆ దాపుడు సరుకును పెకలించలేదు. ‘మూలాన్నే తీసేస్తాం’ అని ఎవరైనా అంటే మనసు అటు లాగడం సహజమే. ఆ ఆశ పెట్టుకుని వచ్చే కుటుంబాల పట్ల నాకు గౌరవమే ఉంది. వారి డబ్బూ ఆరోగ్యమూ వృథా కాకూడదనే ఇంత పొడవుగా రాస్తున్నాను.

కోర్సు రుసుము 18,000 రూపాయలు, మొత్తం ముందే కట్టాలి. అందులో వైద్యుడిని కలవడం, మూడు రకాల పొడులు, ఒక కషాయం, డైటీషియన్ సలహా, ఉదయపు యోగా తరగతి కలిసి ఉంటాయి. కేంద్రం శుభ్రంగా ఉంది, చెప్పిన వేళకు పిలుస్తారు, రిసెప్షన్‌లో తెలుగు మాట్లాడేవారున్నారు. యోగా తరగతి కూడా బాగుంది. ఈ విషయాల్లో లోపం చెప్పడానికి ఏమీ లేదు.

కోర్సు మొత్తంలో విలువైనది డైటీషియన్‌గారి భాగం. ఆమె బావగారిని కూర్చోబెట్టి, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా నోట్లో వేసుకున్న ప్రతిదీ చెప్పమని అడిగారు. “పొద్దున రెండు ఇడ్లీలేనమ్మా” అని ఆయన అనగానే మా అక్క అందుకుంది: “ఇడ్లీలు రెండే గానీ, పల్లీ చట్నీ గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవరండీ.” ఆ మాట విన్న డైటీషియన్‌గారు తర్వాతిసారి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే పల్లీలు ఒక గుప్పెడు తీసుకురమ్మన్నారు. తెచ్చాక వాటిని తెల్ల కాగితం మీద పోసి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పొట్టు కింద బూడిదరంగు బూజు కనిపిస్తున్నవి ఒక్కొక్కటే వేలితో పక్కకు జరిపారు. చూడటానికి నదురుగా ఉన్న పల్లీల్లోంచి కూడా ఒక చిన్న కుప్ప తేలింది.

హెపటైటిస్ బి ఉన్నవారికి ఇంతకంటే ముఖ్యమైన వంటింటి విషయం మరొకటి లేదనే చెప్పవచ్చు. చెమ్మ తగిలిన వేరుశనగ, మొక్కజొన్నల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయ క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థం. హెపటైటిస్ బి ఒక్కటే ఉన్నప్పటి ముప్పు, అఫ్లటాక్సిన్ ఒక్కటే ఒంట్లోకి పోయినప్పటి ముప్పు వేర్వేరుగా ఉండేదానికంటే, రెండూ ఒకే మనిషిలో కలిసినప్పటి ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. చెన్నై గాలిలోని చెమ్మకు డబ్బాలో నెలల తరబడి నిల్వ ఉంచిన పల్లీలు బూజు పట్టడం తేలిక కాబట్టి, కొద్దికొద్దిగా కొనుక్కుని, ఏరుకుని, గాలి చొరని డబ్బాలో పెట్టుకోమని ఆమె చెప్పారు. శుద్ధిచేసిన నూనెలో ఈ విషం దాదాపు మిగలదు గానీ, గానుగ నూనెలో గింజల నాణ్యతను బట్టి మిగిలే అవకాశం ఉంది. ఆరోగ్యమని గానుగ నూనెకు మారినవారు మంచి గింజలు ఏరి తామే ఆడించుకోవడం మేలని కూడా అన్నారు. పల్లీ పొడి, పల్లీ చట్నీ, పల్లీ పట్టీ లేకుండా రోజు గడవని మన ఇళ్లలో ఈ మాట ఇంతవరకూ ఏ ఆసుపత్రిలోనూ మాకెవరూ చెప్పలేదు.

కాఫీ విషయంలో బావగారికి ఊరట దొరికింది. రోజూ రెండు మూడు కప్పుల కాఫీ తాగేవారిలో కాలేయం గట్టిపడటం, కాలేయ క్యాన్సర్ రెండూ తక్కువగా కనిపిస్తున్నాయని అనేక దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. అవి పరిశీలనలే గనుక కాఫీని మందుగా భావించకూడదని, అలాగని ఫిల్టర్ కాఫీ మానవలసిన అవసరమూ లేదని, మానవలసింది అందులోని రెండు చెంచాల చక్కెరేనని ఆమె స్పష్టంగా చెప్పారు. బావగారికి వైరస్‌తో పాటు కాలేయంలో కొవ్వు కూడా ఉంది. ఈ రెండూ కలిస్తే కాలేయానికి రెండు వైపుల నుంచీ దెబ్బ. శరీర బరువులో ఏడు నుంచి పది శాతం తగ్గితే కొవ్వు వల్ల కలిగే వాపు గణనీయంగా తగ్గుతుంది కనుక, వారానికి కనీసం 150 నిమిషాల వేగమైన నడక, రాత్రి అన్నం తగ్గించడం, పండ్ల రసం బదులు పండు తినడం అనే మూడింటితో ఆమె మొదలుపెట్టించారు. మద్యం గురించి బేరసారాలకు తావివ్వలేదు. ‘పండగకు ఒక్కసారి’ అన్నా ఒప్పుకోలేదు. అది సరైన మాట.

అదే కేంద్రం చేతికిచ్చే అచ్చు పథ్యం కాగితం మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధంగా ఉంది. నూనె, ఉప్పు, కందిపప్పు, గుడ్డు, పెరుగు అన్నీ మూడు నెలలు నిషేధమని అందులో రాశారు. ఇది కామెర్లకు మన ఊళ్లలో పెట్టే పాత పథ్యమే. కాలేయం గట్టిపడి సిరోసిస్ దాకా వెళ్లినవారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలనీ, రాత్రి పడుకునే ముందు కూడా కొంచెం ఏదైనా తినాలనీ నేటి వైద్యం చెబుతుంటే, అలాంటివారు ఈ కాగితం పట్టుకుని జావ తాగుతూ కూర్చుంటే కండలు కరిగి మరింత నీరసపడతారు. ఉప్పు తగ్గించడం పొట్టలో నీరు చేరినవారికి అవసరమే గానీ, పప్పూ గుడ్డూ మానడం ఎవరికీ అవసరం లేదు. డైటీషియన్‌గారే తన పెన్నుతో ఆ రెండు వరుసలూ కొట్టేసి, పక్కన ‘రోజూ పప్పు, గుడ్డు, మజ్జిగ’ అని రాసి ఇచ్చారు. ఆమె చేసింది మంచి పనే, కానీ ఆమెను కలవకుండా కాగితం మాత్రమే పట్టుకెళ్లేవారి సంగతేమిటని యాజమాన్యం ఆలోచించాలి.

ఇక పొడుల విషయానికి వస్తాను. మాకు ఇచ్చినవి పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లలో పోసిన మూడు గోధుమరంగు పొడులు. కవరు మీద బాల్ పెన్నుతో ‘పొద్దున 1 చెంచా’, ‘రాత్రి 1 చెంచా’ అని తప్ప మరేమీ లేదు. మన దేశంలో అమ్మే ఆయుర్వేద, సిద్ధ మందు ప్యాకెట్టు మీద తయారీదారు పేరు, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ ఉండి తీరాలి. అవేవీ ఎందుకు లేవని అడిగితే, ‘మా దగ్గరే తయారుచేస్తాం కదా’ అన్నారు. అందులో ఏముందని అడిగితే నోటిమాటగా నేల ఉసిరి, కటుకరోహిణి, తిప్పతీగ, గుంటగలగరాకు అని చెప్పారు. ఎంతెంత మోతాదులో ఉన్నాయో చెప్పలేదు. 2004లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన పరిశీలనలో, బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14టిలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో కనిపించింది. లేబుల్ లేని పొడి విషయంలో ఆ భయం ఇంకా ఎక్కువే ఉండాలి.

వీటిలో నేల ఉసిరికి చెన్నైతో పెద్ద చరిత్రే ఉంది. కేంద్రం గోడ మీద ఫ్రేము కట్టి పెట్టిన వ్యాసం నిజమైనదే. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి. త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ పొందిన బరూచ్ బ్లూంబర్గ్‌తో కలిసి 1988లో దాన్ని లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. తమిళులు కీళానెల్లి అనే ఈ మొక్క పొడిని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు నెల రోజులు వాడిన 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ ఉపరితల యాంటిజన్, అంటే వైరస్ ఒంట్లో ఉందని చూపే గుర్తు, కనిపించకుండా పోయింది. పోల్చి చూడటానికి ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడిన 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ ఫలితం ప్రపంచాన్నంతా ఇటు తిప్పింది. మన పెరటి మొక్కను ఇంత పద్ధతిగా పరీక్షించినందుకు ఆ శాస్త్రవేత్తలను ఈనాటికీ అభినందించాలి.

గోడ మీద లేనిది ఆ తర్వాతి కథ. 1990లో థాయ్‌లాండ్‌లో, 1994లో న్యూజిలాండ్‌లో జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. 2011లో, వైద్య ప్రయోగాలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు ఈ జాతి మొక్కల మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసి, ఉత్తుత్తి మాత్రతో పోల్చినప్పుడు మేలు జరుగుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. వైరస్ మందుకు తోడుగా ఇచ్చినప్పుడు కొంత ఉపయోగం ఉండవచ్చని కనిపించినా, ఆ ప్రయోగాల నాణ్యత గట్టి మాట చెప్పేంత లేదన్నారు. మొదటి వ్యాసం చూపించి ఆ తర్వాతి మూడింటినీ దాచడం రోగికి చేసే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. నేల ఉసిరిని మళ్లీ పరిశోధించాలంటే సంతోషమే, కానీ ఆ పరిశోధనకు అయ్యే ఖర్చు రోగి జేబులోంచి రాకూడదు, పరీక్షకు పెట్టేది రోగి కాలేయాన్ని కాకూడదు.

తిప్పతీగ సంగతి వేరు. అది పనిచేస్తుందా లేదా అన్నది తర్వాతి మాట, హాని చేస్తుందా అన్నదే ముందు చూడాలి. కోవిడ్ రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని ఇంటింటా దాన్ని వాడాక, కాలేయం దెబ్బతిని ఆసుపత్రికి వచ్చినవారి గురించి 2021లో ముంబయి వైద్యులు రాశారు. 2022లో దేశంలోని పలు ఆసుపత్రులు కలిసి అలాంటి 43 మంది వివరాలు ప్రచురించాయి. చాలామందిలో ఆ జబ్బు, శరీరం తన కాలేయాన్ని తానే శత్రువుగా భావించి దాడిచేసే హెపటైటిస్‌ను పోలి ఉంది. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ నిర్ధారణను అంగీకరించలేదన్నది కూడా చెప్పాలి. వివాదం తేలేదాకా, ఇప్పటికే వైరస్ తింటున్న కాలేయం మీద దాన్ని ప్రయోగించనక్కర్లేదని మా లివర్ డాక్టరుగారు చెప్పింది నాకు సబబుగా తోచింది. కూరలో వేసుకునే పసుపుతో ఏ ఇబ్బందీ లేదు. మిరియాల సారంతో కలిపి గాఢంగా చేసిన పసుపు మాత్రలతో మాత్రం విదేశాల్లో కాలేయ హాని కేసులు నమోదయ్యాయి.

కషాయంలో అతిమధురం ఉందని వాసన చూడగానే అక్క పట్టేసింది, అడిగితే అవునన్నారు. అతిమధురం ఎక్కువకాలం తీసుకుంటే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది, ఒంట్లో నీరు నిలుస్తుంది. బావగారు బీపీ మాత్రలు వాడుతున్నట్లు మొదటి రోజు నింపిన ఫారంలోనే ఉంది. ఆ ఫారం ఎవరూ చదవలేదన్నమాట. అక్కడితో మేము పొడులూ కషాయమూ ఏవీ మొదలుపెట్టకుండానే పక్కన పెట్టేశాము.

ఇంకా పెద్ద అభ్యంతరం వైద్యుడి గదిలో ఎదురైంది. అక్కడి బల్ల మీద బాగైనవారి రిపోర్టులంటూ ఒక ఆల్బం ఉంటుంది. తిప్పుతూ పోతే ప్రతి కాగితంలోనూ ‘నెగటివ్’ అన్న మాట కింద ఎర్ర గీత కనిపిస్తుంది. కాస్త ఆగి చూస్తే అందులో చాలావాటిలో ఆ నెగటివ్ వచ్చింది హెచ్‌బీఈఏజీ పరీక్షకు, అంటే వైరస్ చురుకుదనాన్ని సూచించే ‘ఈ’ యాంటిజన్‌కు. వైరస్ ఒంట్లో ఉందా లేదా చెప్పేది హెచ్‌బీఎస్‌ఏజీ అనే వేరే పరీక్ష, దాని వరుసలో ‘పాజిటివ్’ అనే ఉంది. ‘ఈ’ యాంటిజన్ నెగటివ్ కావడం ఏ మందూ లేకుండా కూడా ఈ జబ్బు నడకలో జరిగేదే, అలా అయ్యాక కూడా కొందరిలో వైరస్ చురుగ్గానే ఉంటుంది. మిగతా కాగితాల్లో ఏఎల్‌టీ తగ్గినట్లు చూపారు. అదీ ఈ జబ్బులో తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చికిత్స పనిచేస్తోందని చెప్పాలంటే హెచ్‌బీవీ డీఎన్‌ఏ, అంటే రక్తంలో వైరస్ పరిమాణం, ముందూ తర్వాతా చూపాలి. ఆల్బంలో ఆ కాగితం నాకు ఒక్కటీ కనిపించలేదు. పెద్దయ్యాక కొత్తగా హెపటైటిస్ బి సోకినవారిలో నూటికి 95 మందికి అది కొన్ని నెలల్లో దానంతట అదే పోతుంది, హెపటైటిస్ ఎ కామెర్లు కూడా అంతే. పసరు మందుకు మన ఊళ్లలో ఉన్న పేరు చాలావరకు అలా వచ్చిందే. పుట్టినప్పుడు సోకిన పసిబిడ్డల్లో మాత్రం దాదాపు 90 శాతం మందికి అది జీవితాంతం నిలిచిపోతుంది. కోర్సుకు వచ్చేది ఇలా నిలిచిపోయినవారే.

ఆ గదిలోనే వైద్యుడు, టెనోఫోవిర్‌ను మూడు నెలలు ఆపి తమ మందు చూడమని, దానితో కిడ్నీలు పాడవుతాయని అన్నారు. కిడ్నీ మీద, ఎముకల మీద ఆ మాత్రకు కొంత ప్రభావం ఉన్న మాట నిజమే. అందుకే ఆసుపత్రిలో క్రియాటినిన్ పరీక్ష మధ్యమధ్య చేస్తారు, అవసరమైతే టెనోఫోవిర్ అలఫెనమైడ్‌కో ఎంటెకావిర్‌కో మారుస్తారు. కానీ డాక్టరు పర్యవేక్షణ లేకుండా మాత్ర ఆపేస్తే అణిగి ఉన్న వైరస్ ఒక్కసారిగా విజృంభించి, కొందరిలో కాలేయం పూర్తిగా విఫలమయ్యే దాకా వెళ్తుంది. ఈ ఒక్క సలహా చాలు, కోర్సులోని వైద్య భాగాన్ని ఎవరికీ సిఫారసు చేయలేకపోవడానికి. ఇంట్లోవారికి పరీక్ష చేయించారా, టీకా వేయించారా అని కూడా అక్కడ ఎవరూ అడగలేదు. మా ఆసుపత్రిలో మొదటి రోజే అక్కకూ పిల్లలకూ పరీక్ష చేసి, అక్కకు మూడు మోతాదుల టీకా మొదలుపెట్టారు. ఒకే కంచంలో తిన్నా, పక్కన కూర్చున్నా ఇది సోకదనీ, రేజరు, టూత్‌బ్రష్, గోళ్లు తీసే కత్తెర మాత్రం పంచుకోవద్దనీ చెప్పి పంపారు.

హెపటైటిస్ సి ఉన్నవారికైతే ఈ కోర్సు గురించి ఆలోచించే అవసరమే లేదు. సోఫోస్బువిర్‌తో పాటు మరో మందు కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. ఆ జబ్బులో పేరుపొందిన మిల్క్ థిజిల్ అనే మొక్క సారం సిలిమారిన్‌ను, ఇంటర్‌ఫెరాన్ అనే పాత మందుతో బాగుకాని 154 మందికి మామూలుకంటే ఎక్కువ మోతాదులో 24 వారాలు ఇచ్చి చూసిన పరీక్ష 2012లో ప్రచురితమైంది. ఉత్తుత్తి మాత్రకంటే ఏఎల్‌టీ ఏమీ ఎక్కువగా తగ్గలేదు.

డబ్బు సంగతి చూసినా 18,000 రూపాయలు చాలా ఎక్కువ. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి పరీక్షలూ మందులూ ప్రభుత్వ చికిత్స కేంద్రాల్లో ఉచితం. ఆంధ్ర నుంచి వచ్చేవారు వాటికోసం చెన్నైదాకా రానక్కర్లేదు, తమ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో అడిగితే దగ్గరి చికిత్స కేంద్రం ఎక్కడో చెబుతారు.

మేము పొడుల కవర్లు విప్పకుండా వెనక్కి ఇచ్చేశాము. కట్టిన డబ్బు తిరిగివ్వడానికి మొదట ఒప్పుకోలేదు. లేబుల్ లేని మందు అమ్మడం గురించి రాతపూర్వకంగా అడుగుతామన్నాక పొడుల వరకు డబ్బు వాపసు ఇచ్చారు. డైటీషియన్‌గారి దగ్గరకు మాత్రం బావగారు ఇప్పటికీ వెళ్తున్నారు. కోర్సులో చేరకుండా ఆమెను మాత్రమే కలవాలంటే విడిగా 600 రూపాయలు తీసుకుంటారు. ఈ సంగతి రిసెప్షన్‌లో తమంతట తాము చెప్పరు, అడిగి చెప్పించుకోవాలి. వెళ్లేటప్పుడు హెచ్‌బీవీ డీఎన్‌ఏ, ఫైబ్రోస్కాన్, షుగర్ రిపోర్టుల జిరాక్సులు, వాడుతున్న మాత్రల చీటీ, వీలైతే ఇంట్లోని పల్లీలు ఒక గుప్పెడు తీసుకెళ్లండి. వంట చేసేవారు కూడా వెంట ఉండటం మంచిది.